దేవేంద్ర నగర్‌లో బార్కర్ వాళ్ళు

రాయ్‌పూర్ రైల్వే తెలుగువాళ్ళలో బార్కర్ అనే ఇంటిపేరు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నేను మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మలేదు. మన ఇంటిపేర్లంటే ఊళ్ళ పేర్లు, చెట్ల పేర్లు, తాతలు ఎప్పుడో చేసిన పనుల పేర్లు. వాటి మధ్య ఈ ఇంగ్లీషు పేరు ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కాలేదు. వాళ్ళు క్రైస్తవులు కారు. ఏ తెల్లవాడి నెత్తురూ ఆ ఇంట్లో లేదు. పలాస అవతలి నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన రైతు కుటుంబం, శనివారం వస్తే వెంకటేశ్వరస్వామికి పిండిదీపం పెట్టే ఇల్లు. అయినా శుభలేఖల మీద 'బార్కర్ వారి ఇంట' అని అచ్చు వేయించుకునేవాళ్ళు. ఇంట్లో స్టీలు కంచాల అంచుల మీద కూడా ఆ పేరే పొడిపించుకున్నారు.

నేను అప్పట్లో రైల్వేలో వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ని. ఉద్యోగంలో ఉండగా చనిపోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వారసులెవరో తేల్చడం, మొగుడు ఇంటికి జీతం తేవడంలేదని వచ్చే ఆడవాళ్ళ గోడు వినడం, తాగి డ్యూటీ ఎగ్గొట్టేవాళ్ళకి గడ్డి పెట్టడం మా పని. పేరుకి సంక్షేమం, చేసేది మాత్రం ఊరందరి ఇంటి గొడవలూ నెత్తికెత్తుకోవడం. మా శాఖలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక తెలుగు ఇళ్ళ పంచాయితీలన్నీ నా బల్ల దగ్గరకే వచ్చేవి. నాకు నోటి దురుసని పై అధికారులు రహస్య నివేదికల్లో రాసేవారట. వాళ్ళు రాసినవాటిలో నిజమైనది అదొక్కటే.

ఆ బార్కర్ ఇంటి పెద్ద ఎక్స్‌ప్రెస్ బళ్ళు నడిపే డ్రైవరు. మంచి పనివాడు. బండి ఆపితే గ్లాసులో నీళ్ళు తొణకవని చెప్పుకునేవారు. పేరు దగ్గర మాత్రం పట్టలేని మనిషి. ఆయన ముత్తాత ఇక్కడి చిన్న లైను మీద, అంటే నేరోగేజి మీద, బార్కర్ అనే ఇంగ్లీషు డ్రైవరు దగ్గర బొగ్గు వేసేవాడట. పిల్లల్లేని ఆ దొర ముత్తాతని కొడుకులా చూసుకుని, పోతూ పోతూ తన పేరు ఇచ్చి పోయాడట. ఈ కథ నేను కనీసం పది రిటైర్మెంట్ పార్టీల్లో విన్నాను. విన్న ప్రతిసారీ దొర ప్రేమ ఇంకొంచెం పెరిగేది.

అసలు సంగతి మాకు పాతకాలపు ఆవిరింజన్ల డ్రైవర్లు చెప్పారు. అప్పట్లో ఒక్కో దొర డ్రైవరుకి ఒక్కో బొగ్గు మనిషి ఉండేవాడు. ఒకే పేరున్నవాళ్ళు షెడ్డులో నలుగురైదుగురు ఉంటే, ఎవరి మనిషో తెలియడానికి పేరు ముందు దొర పేరు చేర్చి పిలిచేవారు. మన తెలుగువాళ్ళకి పేరు ముందు పేరుంటే అది ఇంటిపేరే. ఇంకెవరూ చేయలేని పొరపాటు అది. ముత్తాతకి అది పిలుపు, తాతకి అలవాటు, మనవడి నాటికి వంశం అయికూర్చుంది. ఈ మాట డ్రైవరుగారికి చెప్పే ధైర్యం నోటి దురుసువాణ్ణయిన నాకే లేకపోయింది.

ఆయనకి ఒక్కతే కూతురు. రైల్వే ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు ఆయన మా ఆఫీసుకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు. పిల్ల సిగ్నల్ శాఖలో పనిచేసే ఒక కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంటానంటోందని, నేను కూర్చోబెట్టి బుద్ధి చెప్పాలని అడిగాడు. కుర్రాడు ఎలాంటివాడని అడిగాను. తాగడు, మంచివాడే, ఉద్యోగం పర్మనెంటే అని తనే చెప్పాడు. మరి బాధేమిటంటే, అప్పుడు గొంతు తగ్గించాడు.

"ఆళ్ళది అభన్‌పూరండి. తాత బజార్లో చెప్పులు కుట్టినోడు. తండ్రి తోళ్ళు నానబెట్టినోడు. మాది బార్కర్ ఖాందాన్ కదండీ, ఎలగ ఇమ్మంటారు?"

నాకు ఒళ్ళు మండింది. అయినా ఉద్యోగ ధర్మం కనుక పిల్లని పిలిపించాను. సన్నగా, నిదానంగా ఉండే పిల్ల. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది. నేను నోరు తెరవకముందే విషయమంతా తనే తేల్చి చెప్పింది.

"బాబాయ్ గారూ, నాన్న ఒప్పుకోకపోతే ఏడుస్తాను, కానీ బతికేస్తాను. అటువైపు బిరాదరీవాళ్ళు కూడా వద్దంటున్నారు. కులం బయటి పిల్లని తెస్తే ఆ ఇంటిని వెలేస్తారట. ఆయనకి పెళ్ళి కావలసిన చెల్లెళ్ళున్నారు. రెండిళ్ళలో ఒక్క ఇల్లయినా రమ్మనకపోతే నేను ఈ పెళ్ళి చేసుకోను. వాళ్ళ బతుకులు పాడుచేసి నేనేం సుఖపడతాను? బస్, అంతే."

బుద్ధి చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఇంత బుద్ధి నాకే లేదు. కుర్రాడి తండ్రిని చూసిరమ్మని తెలిసినవాణ్ణి పంపితే, పాపం ముసలాయన కూడా తల అడ్డంగా ఊపాడని కబురు తెచ్చాడు. ఆయనకి పిల్ల మీద కోపం లేదట, కులపెద్దల భయమట. అక్కడితో ఆ వ్యవహారం మూతపడిందనే అనుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. రిటైరయిన టీచరమ్మ. ఇంటిపేరు బార్కర్. వాళ్ళ ముత్తాత ఇక్కడి చిన్న లైను మీద డ్రైవరుగా చేశాడట. ఆయన నడిపిన దారి చూడాలని మా పెద్ద ఆఫీసుకి ముందే రాసుకుంది. ఇంగ్లీషు, హిందీ, తెలుగు మూడూ మాట్లాడతానని ఆవిణ్ణి నాకు అప్పగించారు. అభన్‌పూర్ మీదుగా వెళ్ళే ఆ చిన్న రైలు అప్పటికింకా నడుస్తోంది.

ఈ కబురు డ్రైవరుగారి చెవిన పడడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయన ఆనందం చూడాలి. అన్నదమ్ముల బిడ్డ పుట్టింటికి వస్తున్నంత హడావుడి చేశాడు. భిలాయి నుంచి చుట్టాల్ని పిలిచాడు, పండరీ బజార్లో ఆవిడ కోసం పట్టుచీర కొన్నాడు, గుమ్మానికి రంగులు వేయించాడు. దొరకి పిల్లల్లేరన్న కథ ఏమైందని అడగబోయి ఆగాను. పిల్లల్లేని దొరకి మునిమనవరాలు ఎలా వచ్చిందన్న అనుమానం ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

భోజనాల రోజున ఆ ఇంట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు. పులిహోర, పనసపొట్టు కూర, గారెలు, పరమాన్నం. టీచరమ్మ చేత్తోనే తింటానంది. కంచం అంచున ఉన్న తెలుగు అక్షరాలు ఆవిడ పేరేనని చెబితే, వేలితో తడిమి తడిమి చూసుకుంది. డ్రైవరుగారి తల్లి, ఎనభై దాటిన ముసలమ్మ, ఆవిడ పక్కనే కూర్చుని గారె మీద గారె వేసింది. ఇంటి కూతురు వడ్డిస్తోంది. నేను మధ్యలో కూర్చుని అటూ ఇటూ మాటలు మోస్తున్నాను.

అప్పుడు డ్రైవరుగారు అందరూ వినేలా గొంతు సవరించుకుని, బార్కర్ వంశం వాళ్ళ దేశంలో ఏం చేసేదో, రాజుల కొలువులో ఉండేదేమో కాస్త కనుక్కోమన్నాడు. చుట్టాలంతా తినడం ఆపి చూశారు. నేను అడిగాను.

ఆవిడ నవ్వింది. టీచరు కదా, పాఠం మొదలుపెట్టింది. ఒకప్పుడు వాళ్ళ దేశంలో మామూలు మనిషికి ఇంటిపేరే ఉండేది కాదట. ఊరికి పది మంది జాన్‌లు ఉంటే, పన్నులు వసూలు చేసే రాజోద్యోగులు ఏ జాన్ ఎవడో తేల్చుకోలేకపోయేవారట. అందుకని రొట్టెలు కాల్చే జాన్, గుర్రాలకి లాడాలు కొట్టే జాన్ అని పని పేరు తగిలించారట. తర్వాత కొడుకులు ఆ పని మానేసినా పేరు మాత్రం మిగిలిపోయిందట. బార్క్ అంటే ఇంగ్లీషులో బెరడు, బార్కర్ అంటే బెరడు మనిషి. ఓక్ చెట్టు బెరడు ఒలిచి, దంచి, గోతుల్లో నీళ్ళలో కలిపి, అందులో చచ్చిన పశువుల తోళ్ళు నెలల తరబడి నానబెట్టేవాడు. ఆవిడ సొంత ఊళ్ళో వాళ్ళవాళ్ళ గోతులుండే సందు ఇప్పటికీ ఉందట. ఆ కంపు భరించలేక వాళ్ళని ఊరి చివర, ఏటి ఒడ్డున ఉండమనేవారట. ఇదంతా చెప్పి ఇంకో గారె తుంచుకుంది.

ఇంటినిండా ఉన్నవాళ్ళు నా నోటి వంక చూస్తున్నారు. 'అడవుల మీద అధికారులట' అని ఒక్క ముక్క అంటే చాలు, అందరూ చప్పట్లు కొట్టేవారు. అలా అనేద్దామనే అనిపించింది. తల ఎత్తేసరికి నెయ్యి గిన్నెతో ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. దానికి ఇంగ్లీషు వచ్చు. టీచరమ్మ చెప్పిందంతా దానికి ముందే అర్థమైపోయింది. అది నన్నే చూస్తోంది. ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పేశాను. తోళ్ళు, గోతులు, ఊరి చివర, ఒక్కటీ వదల్లేదు.

డ్రైవరుగారు నా మీదే అనుమానపడి ఇంకోసారి అడగమన్నాడు. అడిగాను. ఆవిడ అదే మాట ఇంకా వివరంగా చెప్పింది. అప్పుడాయన ముఖంలో రంగు పోయింది. సిగ్నలు దాటేసిన డ్రైవర్ల ముఖాలు నేను విచారణల్లో చూశాను, అచ్చం అలాగే ఉంది.

"మరి ఆ పేరు మార్చుకోలేదేం?" అన్నాడు.

ఈ ప్రశ్న ఆవిడకి అర్థం కాలేదు. రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత ఎంతో మామూలుగా, ఎందుకు మార్చుకోవాలని నన్నే తిరిగి అడిగింది. అది కూడా తెలుగులో చెప్పాను. పరమాన్నం ఎవరూ ముట్టలేదు, టీచరమ్మ తప్ప.

ఇంతవరకూ నాకు లోపల కొంత సరదాగానే ఉందని దాచను. వెనక పెరట్లోకి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాక ఆ సరదా పోయింది. ఎంగిలి కంచాలన్నీ పంపు దగ్గర ఒక కుప్పగా ఉన్నాయి. ఒక కంచం, ఒక గ్లాసు మాత్రం వేరుగా, మురిక్కాలువ అంచున ఉన్నాయి. ముసలమ్మ వంగి వాటిని చీపురుపుల్లతో ఇంకొంచెం అవతలికి జరుపుతోంది. ఒక గంట క్రితం అదే కంచంలో తన చేత్తో గారెలు వేసింది ఆవిడే.

నా చూపు గమనించి నిటారుగా నిలబడింది. "ఏటి బాబూ అలగ సూస్తావు? తెలీనంతసేపూ తెలీదు. తెలిసినాక ఎలగ కలుపుతాం?"

సముద్రాలు దాటి వచ్చిన మనిషి, తెల్లటి మనిషి, పొద్దున్న హారతి ఇచ్చి లోపలికి తెచ్చుకున్న మనిషి. ఆవిడ వాళ్ళ పెద్దలు ఎన్ని వందల ఏళ్ళ క్రితం ఆ పని మానేశారో. అయినా ఒక్క మాటతో ఆవిడ కంచం కాలువ ఒడ్డుకి చేరింది. మరి పక్క ఊరి కుర్రాడి గతేమిటి?

నా వెనక నుంచి ఆ పిల్ల వచ్చింది. నానమ్మని ఒక్క మాట కూడా అనలేదు. కాలువ ఒడ్డు నుంచి కంచం తీసి, సబ్బుతో తోమి, కడిగి, కొంగుతో తుడిచింది. లోపలికి తీసుకెళ్ళి అందులోనే అన్నం, పులుసు వడ్డించుకుని, చుట్టాలందరి ఎదురుగా టీచరమ్మ పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టింది. ముసలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. డ్రైవరుగారు లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. పిల్ల ఒక్కో ముద్దా నిదానంగా, మెతుకు మిగలకుండా తిన్నది.

టీచరమ్మకి ఇదేమీ తెలియదు. తన పేరున్న కంచం అంత బాగా నచ్చిందట, జ్ఞాపకంగా ఇస్తారా అని అడిగింది. వీధిలో ఉన్న డ్రైవరుగారి దగ్గరకి వెళ్ళి అడిగాను. తీసుకుపొమ్మనండి, గ్లాసు కూడా ఇచ్చేస్తానన్నాడు. పెద్ద మనసున్న మనుషులని ఆవిడ మురిసిపోయింది.

హోటలుకి తీసుకెళ్తుంటే కార్లో అడిగింది, అందరూ ఉన్నట్టుండి ఎందుకు చల్లబడిపోయారని. దాచే ఓపిక నాకు లేకపోయింది. కుర్రాడి సంగతి, పిల్ల సంగతి, చివరికి కంచం సంగతి చెప్పేశాను. ఆవిడ ఒళ్ళో ఉన్న కంచం వంక చూసింది. ఇంత మర్యాద చేసి ఒక్క పూటలో ఎలా మారగలిగారని మాత్రం అడిగింది. దిగేముందు ఇంకో సంగతి చెప్పింది. కొన్ని బార్కర్ కుటుంబాలకి ఆ పేరు పాత ఫ్రెంచి భాషలో గొర్రెల కాపరి అన్న మాట నుంచి వచ్చిందంటారట. తమది మాత్రం తోళ్ళ పనేనని, ఆ సందు తన కళ్ళతో చూశానని అంది.

ఆ సాయంత్రం డ్రైవరుగారు ఫోన్ చేశాడు. కాస్త ఊరట కలుగుతుందేమోనని గొర్రెల సంగతి చెప్పాను. ఆయన గొంతులో ప్రాణం లేచివచ్చింది. గొర్రెల వాళ్ళయితే పర్వాలేదన్నాడు. ఆ ఒక్క మాట ఆవిడ చేత భిలాయి చుట్టాలకి ఫోన్లో చెప్పించమన్నాడు. ఆవిడ చెప్పదండీ, ఆవిడకి ఆ అవసరం లేదని గట్టిగా అరిచి ఫోన్ పెట్టేశాను. ఇది చదివే కుర్రాళ్ళు ఎవరైనా మనుషులతో పనిచేసే ఉద్యోగాల్లో ఉంటే చెబుతున్నాను, మనిషికి నిజం చెబితే మారతాడని మీరు అనుకుంటారు. నేనూ చాలాకాలం అనుకున్నాను. మనిషి ముందు చూసేది ఆ నిజం నుంచి బయటపడే దారి.

మర్నాడు టీచరమ్మతో చిన్న రైలెక్కాను. పిల్ల సెలవు పెట్టి తనూ వస్తానంది. అభన్‌పూర్‌లో దిగాక, ఆ కుర్రాడి తండ్రిని చూడాలని టీచరమ్మే అడిగింది. వెళ్ళాం. బక్కపలచటి ముసలాయన, మమ్మల్ని చూడగానే మంచం మీంచి లేచి నిలబడ్డాడు. పిల్ల ముఖం ఆయనకి తెలుసు. ఆయన ఇబ్బంది పడుతూ కూర్చోమన్నాడు. మా వెనకే పక్కింటివాళ్ళు ఒకరొకరే వచ్చి గోడ దగ్గర చేరారు.

ఈ తెల్లావిడ పెద్దలు వాళ్ళ దేశంలో తోళ్ళు పదును చేసేవాళ్ళని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఎగతాళి చేయడానికి వచ్చామేమోనని నా వంక అనుమానంగా చూశాడు. తర్వాత ఒక్క ప్రశ్న వేశాడు, ఏ చెట్టు బెరడు వాడేవారని. ఓక్ చెట్టుని ఛత్తీస్‌గఢీలో ఏమంటారో నాకు తెలిస్తే కదా. టీచరమ్మ నేల మీద పుల్లతో ఆకు బొమ్మ గీసింది. ఆయన కూర్చుని చూసి, మా దగ్గర తుమ్మ చెక్క, కరక్కాయ అన్నాడు. దళసరి తోలు ఎన్నాళ్ళు నానేదని అడిగితే, ఏడాది దాటేదని ఆవిడ అంది. అంత కాలమా అని నోరు తెరిచాడు. అలా ఇద్దరూ మాటల్లో పడ్డారు. సున్నంలో వేయడం, వెంట్రుకలు గీకడం, కంపు, ఊరి చివర ఇల్లు. నేను మాటలు అందించలేక అలసిపోయాను. కొన్నిచోట్ల నా అవసరం కూడా లేకపోయింది, చేతులతోనే చెప్పుకున్నారు.

ఉన్నట్టుండి ఆయన పిల్ల వైపు తిరిగాడు. ఈ అమ్మాయి ఇంటిపేరు కూడా అదేనా అని నన్నడిగాడు. అవునన్నాను.

ఆయన గోడ దగ్గరున్న వాళ్ళకి వినిపించేలా హిందీలో అన్న మాట ఇది: "మరి నా కొడుకు బిరాదరీ బయటి పిల్లని తెస్తున్నాడని ఎవరన్నారు?"

అబద్ధం మీద పెళ్ళి నిలవకూడదని, ఆ పేరు వాళ్ళకి తోళ్ళ పని వల్ల రాలేదని, దొర దగ్గర బొగ్గు వేసినందుకు వచ్చిందని విడమర్చి చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. పేర్లు ఎలా వచ్చాయో ఎవరికి తెలుసు సాబ్, ఈ పిల్ల ఆ పేరు మోస్తోందా లేదా అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే, మోస్తున్నానని పిల్ల అంది. అంతవరకూ ఎక్కడా ఏడవనిది అక్కడ ముఖం కప్పుకుని ఏడ్చింది.

తర్వాత వాళ్ళ పెద్దలు కూర్చున్నారు. ఒకాయన ససేమిరా అన్నాడు. సముద్రం అవతలి బిరాదరీ ఏమిటని నవ్వినవాళ్ళూ ఉన్నారు. మన ముసలాయన వాళ్ళతో పొద్దుపోయేదాకా వాదించాడు. తుమ్మ చెక్క నుంచి మొదలుపెట్టి, ఏడాది నానబెట్టే తోలు దాకా వచ్చాడట. చివరికి బిరాదరీకి భోజనం పెట్టాలని తీర్మానించి, ఇంటిని వెలెయ్యడం లేదన్నారు. దాని వల్ల చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకీ అడ్డు తొలగింది. డ్రైవరుగారు నెత్తిన పెట్టుకుని ఊరేగించిన పేరే చివరికి ఆయన కూతుర్ని వాళ్ళింట్లోకి పిలిచింది. నేను చూసిన వింతల్లో దీన్ని మించింది లేదు.

డ్రైవరుగారు అప్పటికే తన పనిలో తానున్నాడు. కోర్టులో అఫిడవిట్ వేసి, పేపర్లో ప్రకటన ఇచ్చి, బార్కర్ తీసేసి పలాస దగ్గర తమ పాత ఊరి పేరు ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. ఆ కాగితాలు మా ఆఫీసుకి వస్తే నేను వాటిని తేరిపార చూస్తూ కూర్చున్నాను. పట్టుదల వదులుకుంటాడేమో అనుకున్నాను కానీ, నూరేళ్ళ పేరు వదులుకుంటాడని కలలో కూడా అనుకోలేదు. కంచాలు కూడా దుకాణంలో మార్పించేశాడని తర్వాత తెలిసింది.

పెళ్ళికి ఆయన రాలేదు. పుట్టింటి తరఫున నిలబడింది నేనూ, మా ఆవిడా, ఆసుపత్రి నర్సులూ. పెళ్ళయ్యాక ఉద్యోగం కాగితాల్లో మొగుడి ఇంటిపేరు చేర్చాలా అని పిల్లని అడిగాను. మన ఆడపిల్లలు చేసేది అదే కదా. అక్కర్లేదు, ఉన్నదే ఉండనివ్వండి బాబాయ్ గారూ అంది. కాపురం ఇక్కడే రాయ్‌పూర్‌లో, రైల్వే క్వార్టర్లో పెట్టారు.

కొన్ని నెలలకి అది కడుపుతో ఉందని తెలిసింది. తండ్రికి ఆ మాట నా నోటితోనే చెప్పమని అడిగింది. అంతకుమించి ఏమీ కోరలేదు. నా పాత మారుతి వేసుకుని దేవేంద్ర నగర్ వెళ్ళాను. డ్రైవరుగారు వరండాలో పేపరు చదువుతున్నాడు. పిల్ల బాగుందని, అత్తవారు కళ్ళలో పెట్టుకుని చూస్తున్నారని, ఆయన తాత కాబోతున్నాడని చెప్పాను. చివరిదాకా విన్నాడు. పేపరు మడిచి పక్కన పెట్టాడు. మెత్తబడ్డాడనే అనుకున్నాను.

"బార్కరోళ్ళ సంగతులు మాకెందుకండి ఇన్‌స్పెక్టర్ గారూ?" అన్నాడు.

నేను లేచి వచ్చేశాను. సొంత కూతురు గురించి ఒక తండ్రి అనగలిగే మాటేనా అది? గేటు దాటి కారు దగ్గరకి వచ్చేసరికి వెనక సీట్లో ఎవరో కూర్చుని ఉన్నారు. డ్రైవరుగారి తల్లి. ఇస్త్రీ చీర, చేతిలో చిన్న మూట, ఒళ్ళో చప్పుడు కాకుండా విప్పుకున్న చెప్పులు. వరండా తలుపు వెనక నిలబడి మా మాటలన్నీ విన్నట్టుంది. ఎప్పుడు బయటికి వచ్చిందో, కారు తలుపు ఎలా తీసుకుందో నాకు తెలియదు. డ్రైవరుగారు గేటు దాకా వచ్చి, అమ్మా దిగు అని రెండుసార్లు అన్నాడు. ఆవిడ అటు తిరగలేదు.

"ఈ ఇంటికి బార్కరోళ్ళ కోడలిగా వొచ్చినాను బాబూ. ఆడు ఆడి పేరు మార్పించుకున్నాడు. నా పేరు ఎవుడూ మార్పించలేదు," అంది. మూట సర్దుకుని, "ఆళ్ళింట్లో మంచినీళ్ళు ముట్టను, ముందే సెప్తన్నాను. పిల్లని సూసి వచ్చెస్తాను. బండి పోనీ," అంది.

నేను కారు స్టార్ట్ చేశాను.